ఆ పాయింటు నాలుగు కాయ ఏదండీ?

మా తమ్ముడి కూతురు సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఓ విదేశీ జర్నల్లో అచ్చయిన పేపరులో లెక్క తప్పిందని పదకొండు నెలల కిందట వాళ్లకు రాసింది. మొన్న జవాబొచ్చింది. తప్పు నిజమేనట, దిద్దుతారట. చివర ఒక వాక్యం: "ఈ సవరణ వల్ల మా నిర్ధారణలు మారవు."

ఆ వాక్యం విన్న దగ్గర్నుంచి పనసపొట్టు కూర వేసినా నాకు అన్నం సయించడం లేదు. ఇంత గొప్ప వాక్యం మన కోనసీమకు ఇన్నాళ్లూ ఎలా తెలియకుండా పోయింది?

అంబాజీపేటలో వాడి చూద్దాం. 20 కొబ్బరి చెట్ల కాయ దింపారు. షావుకారుగారి గుమస్తా చీటీ మీద "చెట్టుకు సగటు 8.47 కాయలు" అని రాశాడు. కౌలు రైతు తుండు దులిపి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"169 కాయలైతే 8.45 అండి. 170 అయితే 8.50. మధ్యలో 8.47 ఎలా వస్తాదండి? మొత్తం 169.4 అవుతాంది. ఆ పాయింటు నాలుగు కాయ ఏదండీ?"

"చిన్న పొరపాటులే, దిద్దుతాను. నీకొచ్చే డబ్బు మాత్రం మారదు."

"కాయలెన్నో తేలకుండానే మారదని ఎలా తెలిసిందండి?"

"అది షావుకారుగారి నిర్ధారణ."

"ఆయ్. పోనీ గుట్ట చూపించండి, నేనే లెక్కెడతాను."

"గుట్ట లారీ ఎక్కేసింది."

"లారీ ఏదండి?"

"నీకు మొదట్నుంచీ షావుకారుగారంటే పడదు కదా!"

ఆ రైతు వేసిన లెక్కకే నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ అనే ఇద్దరు 'గ్రిమ్ పరీక్ష' అని పేరు పెట్టారు. 71 సైకాలజీ పేపర్లను అలా చూస్తే దాదాపు సగంలో కనీసం ఒక్కటైనా రావడానికి వీల్లేని సగటు బయటపడింది. ఇక గుట్ట సంగతి, అంటే పేపరు వెనకున్న అసలు డేటా. విచెర్ట్స్ అనే ఆయన బృందం 141 పేపర్ల రచయితలను డేటా అడిగి, ఏం జరిగిందో 2006లో రాసింది. అడిగితే ఇస్తామని ముందే సంతకాలు పెట్టిన పెద్దలు వీళ్లంతా. 73 శాతం ఇవ్వలేదు.

నిర్ధారణలు మారవంటారా? భక్తి గల ఇళ్ల పిల్లలకు పంచుకునే బుద్ధి తక్కువని 2015లో ఓ పేపరొచ్చింది. 6 దేశాలు, 1,170 మంది పిల్లలు. ప్రపంచమంతా పత్రికలు రాసుకున్నాయి. తీరా చూస్తే దేశాలకు గుర్తుగా వేసిన నంబర్లను, అమెరికాకు 1, కెనడాకు 2, అలా వేసినవాటిని, నిజం అంకెల్లా లెక్కలో కలిపేశారు. అంటే కెనడా రెండు అమెరికాలన్నమాట! ఆ లెక్కన అమలాపురం 1, రాజోలు 2, నరసాపురం 3 అనుకోండి. రాజోలు రెండు అమలాపురాలంటే అమలాపురం వాళ్లు ఊరుకుంటారా? రాజోలుకీ నరసాపురానికీ సగటు తీస్తే ఎక్కడ తేలతాం? మధ్యలో పారే వశిష్ఠ గోదావరిలో. సరిగ్గా లెక్కేస్తే ఆ తేడాలు చాలావరకు దేశాన్ని బట్టి వచ్చినవే, భక్తిని బట్టి కాదు. వేరే బృందం 2016లోనే ఇది అచ్చులో చూపించింది. పేపరు వెనక్కి తీసుకున్నది 2019లో. ఈలోగా ఎన్ని క్లాసుల్లో ఆ పాఠం చెప్పారో!

మళ్లీ మా పిల్ల సంగతికొద్దాం. తను తప్పు పట్టిన ఆ పేపరు మీదే థీసిస్‌లో మూడో అధ్యాయమంతా కట్టింది. రెండేళ్ల పని. రాసినాయన హాయిగానే ఉన్నాడు. "పెద్దవాళ్లతో నీకెందుకమ్మా" అని దీని గైడే దీన్ని కోప్పడ్డాడు. 2016లో అమెరికాలో ఓ పేరుమోసిన ప్రొఫెసరు, నెట్‌లో తప్పులెత్తి చూపేవాళ్ల గురించి రాస్తూ 'మెథడలాజికల్ టెర్రరిజం' అన్నారు. కూడికలు సరిచూస్తే టెర్రరిజమా? ఇరవై ఆరేళ్ల పిల్ల, రాత్రిళ్లు మేలుకుని మీ లెక్కలు ఉచితంగా దిద్ది పెడితే, థ్యాంక్స్ అని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా మీకు? సిగ్గులేదూ?

నిన్న మళ్లీ ఫోన్ చేసింది.

"డేటా పంపమని అడిగాను పెదనాన్నా. పాత ల్యాప్‌టాప్‌తో పాటే పోయిందంట."

లారీ నంబరు కనుక్కోమన్నాను.