సినిమా పీజీకి ఏం అడగాలి?

డిగ్రీ అయిపోయింది, ఇక పీజీ సినిమాలో చేస్తాను అని పిల్లలు అంటే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. దానికి చదువెందుకు, ఎవరి దగ్గరైనా అసిస్టెంటుగా చేరిపో అనేది ఒకటి. సరే చేరావనుకో, చివర్లో వచ్చే సర్టిఫికెట్ చూసి ఎవరైనా ఉద్యోగం ఇస్తారా అనేది రెండోది. తల్లిదండ్రుల టెన్షన్ మాకు అర్థమవుతుంది, ఆ రెండూ కొట్టిపారేసే ప్రశ్నలు కావు. అయితే అసలు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఈ చదువులోకి ఎవరిని రానిస్తున్నారు, ఏం చూసి రానిస్తున్నారు? మా బాధంతా అక్కడే ఉంది.

మన దేశంలో సినిమా చదువు అనగానే మొదట గుర్తొచ్చేవి కేంద్ర ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి పుణెలో పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో 1960లో మొదలైన ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా), రెండోది 1995లో కోల్‌కతాలో పెట్టిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ లాంటి ముఖ్యమైన కోర్సులు మూడేళ్లు. ఇన్నేళ్లూ పీజీ డిప్లొమాలు ఇస్తూ వచ్చాయి, 2025లో రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది కాబట్టి ఇక మాస్టర్స్ పట్టా ఇవ్వడానికీ దారి పడింది. సర్టిఫికెట్ గురించి బెంగపడే ఇళ్లకు ఇది మంచి కబురే.

చేరడానికి అడిగే అర్హత చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. సౌండ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలని, ఆర్ట్ డైరెక్షన్‌కు ఫైన్ ఆర్ట్సో ఆర్కిటెక్చరో చదివి ఉండాలని కొన్ని అదనపు షరతులు ఉంటూ వచ్చాయి గానీ, దర్శకత్వానికో ఎడిటింగ్‌కో మీరు బీకాం చదివారా, బీఎస్సీ చదివారా అని చూడరు. ఇది చాలా మంచి పద్ధతి అని మా అభిప్రాయం. మలయాళ దర్శకుడు ఆదూర్ గోపాలకృష్ణన్ చదివింది ఎకనామిక్స్, పాలిటిక్స్. రాజ్‌కుమార్ హిరానీ కామర్స్ చదివి పుణెలో ఎడిటింగ్ నేర్చుకున్నారు. కన్నడ దర్శకుడు గిరీశ్ కాసరవల్లి మణిపాల్‌లో ఫార్మసీ చదివి, ఆ వృత్తిలో ట్రైనింగ్ కోసం మన హైదరాబాద్‌కే వచ్చి, మనసు ఒప్పక పుణె వెళ్లారు. అక్కడ చివరి ఏడాది తీసిన డిప్లొమా సినిమాకే జాతీయ అవార్డు అందుకున్నారు. మన శేఖర్ కమ్ముల సంగతీ అంతే. సీబీఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్, అమెరికాలో కంప్యూటర్స్‌లో మాస్టర్స్, ఐటీ ఉద్యోగం, ఇవన్నీ అయ్యాక వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఫిల్మ్ ఎంఎఫ్‌ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. మందుల గురించో మెషీన్ల గురించో లెక్కల గురించో తెలిసినవాడు సినిమాలోకి వస్తే సినిమాకు తెలిసిన ప్రపంచం పెరుగుతుంది, చిన్నప్పటి నుంచీ సినిమాలు తప్ప ఇంకేమీ చూడనివాడు వస్తే చూసిన సినిమాలే మళ్లీ తీస్తాడు.

కాబట్టి డిగ్రీ దగ్గర గొడవ లేదు, గొడవ ఎంట్రన్స్ దగ్గర మొదలవుతుంది. ఈ రెండు సంస్థలకూ కలిపి జెట్ పేరుతో కొన్నేళ్లపాటు ఉమ్మడి పరీక్ష పెట్టారు. ఒక పేపర్లో ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఇంకో పేపర్లో రాసే ప్రశ్నలు, అందులో నెగ్గితే ఇంటర్వ్యూ. ఒక్కో విభాగంలో సీట్లు పది, పన్నెండు, దేశమంతటికీ కలిపి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో. జవాబులు రాయడమూ ఆ రెండు భాషల్లోనే.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇలాంటి పరీక్షలో ఏం అడుగుతారు? ఒక పరిస్థితి ఇచ్చి సీను రాయమంటారు, ఒక వాక్యమో బొమ్మో ఇచ్చి కథ అల్లమంటారు. నర్సంపేటలోనో పలాసలోనో పెరిగిన అమ్మాయి ఆ హాల్లో కూర్చుందనుకోండి. రేషన్ షాపు ముందు క్యూలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునే సీను రాయాలి. తోడికోడలు ఎక్కడ నొక్కి మాట్లాడుతుందో, ఎక్కడ మాట మింగేస్తుందో, పక్కింటావిడ 'ఔ మల్ల' అని ఎందుకు అంటుందో ఆ అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అదంతా పక్కన పెట్టేసి, కాలేజీలో కష్టపడి నేర్చుకున్న ఇంగ్లిష్‌లో ఆ ఇద్దరి చేత మాట్లాడించాలి. మార్కులు పోయేది ఆ అమ్మాయికి సీను రాయడం రాక కాదు. హిందీ మాట్లాడే రాష్ట్రాల పిల్లలు తమ ఇంటి భాషలో రాసుకోవచ్చు, మనవాళ్లు రాసుకోకూడదు. నీట్ తెలుగులో రాయొచ్చు, జేఈఈ మెయిన్ తెలుగులో రాయొచ్చు, భాషతో పెద్దగా పనిలేని ఫిజిక్స్ లెక్కకు మన భాషలో ప్రశ్నపత్రం అచ్చవుతుంది, భాషే ప్రాణమైన డైలాగ్ సీనుకు మాత్రం అచ్చవదు. జవాబులు దిద్దడానికి పరిశీలకులు కావాలి, ఖర్చవుతుంది అంటారేమో. ఇంత పెద్ద తెలుగు పరిశ్రమ ఉన్న దేశంలో తెలుగు సీను చదివి మార్కులు వేయగల మనుషులు దొరకరంటే మేం ఒప్పుకోం.

విదేశాల్లో పద్ధతి వేరు, అక్కడా గేట్లు ఉన్నాయి. అమెరికాలో ఫిల్మ్ ఎంఎఫ్‌ఏకు పేరున్న స్కూళ్లు చాలావరకు జీఆర్ఈ అడగవు. మీరు ఎవరు, ఏం చెప్పాలనుకుంటున్నారు అనే వ్యాసం, కథ ఆలోచనలు, ఒక డైలాగ్ సీను, తీసిన షార్ట్ ఫిల్మ్ ఉంటే అది, రెండు మూడు సిఫార్సు లేఖలు, ఇవి అడుగుతాయి. మనిషిని చూసి తీసుకునే ఈ తీరు మాకు నచ్చింది. మన పిల్లలు గమనించాల్సిన చిక్కు ఒకటుంది. మన మూడేళ్ల బీఏ, బీకాంను కొన్ని యూనివర్సిటీలు అక్కడి నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడవు, బీటెక్ వాళ్లకు ఆ సమస్య రాదు, కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి కనుక్కోవడం మంచిది. ఇక డబ్బు. న్యూయార్క్ లాంటి ఊళ్లో మూడేళ్ల చదువు, దాని మీద థీసిస్ సినిమా తీయడానికి సొంత ఖర్చు. ఎంఎస్‌కు లోన్ తీసుకుంటే ఉద్యోగం చేసి తీర్చొచ్చని ఇంట్లో ధైర్యం ఉంటుంది, సినిమా చదువుకు ఆ ధైర్యం ఎవరిస్తారు? పొలమో ఇల్లో తాకట్టు పెట్టి ఇందులోకి దిగొద్దని మేం గట్టిగానే చెబుతున్నాం. స్కాలర్‌షిప్ వస్తే వెళ్లండి.

ఇంతకీ ఈ మూడేళ్లలో ఏం నేర్పుతారు, అదంతా సెట్లో నేర్చుకోలేమా అనే మాటకు సమాధానం చెప్పాలి. సెట్లో చాలా నేర్చుకోవచ్చు, మన గొప్ప టెక్నీషియన్లలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్లే. కానీ సెట్లో తప్పు చేసే హక్కు ఉండదు. అసిస్టెంట్ డైరెక్టరుగా చేరిన కుర్రాడు క్లాప్ కొడతాడు, కంటిన్యుటీ రాసుకుంటాడు, ఆర్టిస్టులను కారవాన్ నుంచి పిలుచుకొస్తాడు, బేటా, అంటే రోజువారీ భత్యం, ఎప్పుడు వస్తుందో తెలియదు, కృష్ణానగర్‌లో గది అద్దె మాత్రం నెలకోసారి ఠంచనుగా వస్తుంది. ఏళ్లు గడిచినా తన చేత్తో ఒక్క షాట్ పెట్టడు. స్కూల్లో మొదటి ఏడాదిలోనే పెడతాడు, చెడగొడతాడు, ఎందుకు చెడిందో తోటివాళ్ల ముందు కూర్చుని తేల్చుకుంటాడు. ఒక్క ఉదాహరణ చెబుతాం. షాట్ అయ్యాక సౌండ్ స్టూడెంట్ అందరినీ కదలకుండా నిలబెడతాడు. ఫ్యాన్ ఆపేసి, ఫోన్లు ఆపించి, ఎవరూ కాలు కదపకుండా అర నిమిషమో నిమిషమో ఆ ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తాడు. రూమ్ టోన్ అంటారు దాన్ని. ఎడిటింగ్‌లో రెండు డైలాగుల మధ్య అతుకు తెలియకుండా కలిపేది అదే. దాదాపు అన్నీ డబ్బింగ్‌లో చెప్పించుకునే మన పరిశ్రమలో, వందమంది జీతాలు నడుస్తున్న సెట్లో, ఆ నిమిషం ఎవరిస్తారు? ఆ నిమిషం ఇచ్చే చోటు పేరే ఫిల్మ్ స్కూల్. 'బాహుబలి' కెమెరామన్ మన కె.కె. సెంథిల్ కుమార్ పుణెలో కెమెరా చదువుకున్నవారే, ఆయన పని స్థాయి ఏంటో తెలుగు ప్రేక్షకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

డిగ్రీ దగ్గర గొడవ లేదని పైన అన్నాం, ఒక్కచోట ఉంది. పదిహేనేళ్లుగా లైట్లు మోస్తున్నవాడు, కెమెరా ఫోకస్ సరిచేస్తున్నవాడు, ఇంటర్‌తో చదువు ఆపేసినవాడు, వాళ్లకు ఈ తలుపు పూర్తిగా మూసే ఉంది. బ్రిటన్‌లోని నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్ డిగ్రీ లేకపోయినా చేసిన పని చూసి ఎంఏకు పరిశీలిస్తుంది. యూనియన్ కార్డు, చేసిన సినిమాల జాబితా చేతిలో ఉన్నవాడిని ఒక ఇంటర్వ్యూకైనా పిలవడానికి మనకు అడ్డేమిటి? పట్టా ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోకపోతే పట్టా లేకుండానే చదువు చెప్పండి, అతను అడిగేది చదువే.

మిగతా రాష్ట్రాల సంగతి చూస్తే మనకు సిగ్గనిపించాలి. తమిళనాడుకు చెన్నైలో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, దాని చరిత్ర 1945 దాకా వెళ్తుంది. కర్ణాటకకు బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉంది. కేరళకు కొట్టాయం జిల్లాలో ఉంది. మనకంటే ఎంతో చిన్న పరిశ్రమ ఉన్న ఒడిశాకు కూడా కటక్‌లో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో పుణె, కోల్‌కతాల వరుసలో నిలబెట్టగల ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్ ఒక్కటీ లేదు. ప్రైవేటు సంస్థలు ఉన్నాయి, మంచి టీచర్లూ ఉన్నారు, కాదనం, కానీ ఆ ఫీజులు నర్సంపేట అమ్మాయి కట్టగలిగేవి కావు. టికెట్ రేట్ల పెంపు కోసం, బెనిఫిట్ షోల కోసం పరిశ్రమ పెద్దలు హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ ప్రభుత్వాలను కలుస్తూనే ఉంటారు, ప్రభుత్వాలు జీవోలు ఇస్తూనే ఉంటాయి. ఆ సమావేశాల్లో ఎజెండాలో ఫిల్మ్ స్కూల్ ఒక అంశంగా ఎందుకు ఉండదని మేం రెండు పక్షాలనూ అడుగుతున్నాం.

కావాల్సింది పెద్ద భవనం కాదు. ముందు ఇప్పుడున్న యూనివర్సిటీల్లోనే మూడేళ్ల ఫిల్మ్ పీజీ ఒకటి పెట్టండి, విభాగానికి పదిమంది చాలు, ఫీజు ప్రభుత్వ కాలేజీ ఫీజే ఉండాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ దానికీ వర్తించాలి. ఎంట్రన్స్ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాసుకోనివ్వండి. గోండి, కోయ మాట్లాడే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇంటర్వ్యూలో వాళ్ల భాషలో కథ చెప్పే వీలుండాలి. డిప్లొమా సినిమాకు అయ్యే ఖర్చు స్కూలే పెట్టుకోవాలి, లేకపోతే డబ్బున్న పిల్లాడి సినిమా బాగుంటుంది, లేని పిల్లాడిది అట్టడుగున పడుతుంది, మూడేళ్లు నేర్పిందంతా అక్కడ వృథా అవుతుంది. టికెట్ మీద వసూలయ్యే పన్నులో ప్రభుత్వం చేతికి వచ్చే వాటా నుంచి కొంత ఇటు మళ్లిస్తే నడిచిపోయే పని ఇది. పుణె, కోల్‌కతా పరీక్షల్లో తెలుగు కోసం కేంద్రాన్ని అడగాల్సింది మన ఎంపీలు. రెండు రాష్ట్రాలకూ కలిపి లోక్‌సభలో నలభై రెండు మంది ఉన్నారు, వచ్చే అడ్మిషన్ నోటిఫికేషన్ పడేలోపు వాళ్లలో ఎవరు సమాచార, ప్రసార శాఖకు ఉత్తరం రాస్తే ఆ ఉత్తరాన్ని ఇదే పేజీలో అచ్చు వేస్తాం.