హాస్కెల్ గారికి, మా బావమరిది విషయమై ఒక విన్నపం

మహారాజశ్రీ హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాష గారి సముఖానికి,

మాదాపూర్‌లో జావాతో జీతాల లెక్కలు నడుపుకునే ఒక సాదాసీదా ఉద్యోగి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క మా బావమరిది తప్ప. వాడి గురించే ఈ ఉత్తరం.

కుర్రవాడు తెలివైనవాడు. నిజాంపేటలో మా ఇంట్లోనే ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అది మా ఆవిడ నమ్మకం. నేను చూసినంతవరకు వాడు వెతుకుతున్నది, రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే మీ కంపైలర్‌కూ, ఎడిటర్‌లో దానికి నోరుగా ఉండే లాంగ్వేజ్ సర్వర్‌కూ పొత్తు కుదిరే వెర్షన్ల కోసం. కొత్త కంపైలర్ వేస్తే లాంగ్వేజ్ సర్వర్ మూగబోతుంది. దాని కోసం పాత కంపైలర్‌కు దిగితే ఏదో ఒక లైబ్రరీ అలుగుతుంది. కంపైలర్ తెచ్చిపెట్టడానికి జీహెచ్‌సీఅప్, ప్యాకేజీలకు కబాల్, కబాల్‌తో విసిగినవారికి 2015లో వచ్చిన స్టాక్, ఆ రెండూ చాలనివారికి నిక్స్. ఆ నిక్స్‌కు ఏది కావాలో చెప్పడానికి మళ్లీ మీలాగే అంతా ఫంక్షన్లతో చెప్పే ఇంకో ఫంక్షనల్ భాష నేర్చుకోవాలట.

మొన్న అర్ధరాత్రి "కుదిరింది బావా!" అని కేకేశాడు. లేచి వెళ్లి చూశాను. నల్లటి తెర మీద ఒక ఫంక్షన్, దాని కింద సన్నటి గీత, పక్కన చిన్న అక్షరాల్లో ఒక సలహా: ఈ బ్రాకెట్లు అనవసరం, తీసేయవచ్చు. ఇన్నాళ్ల జాగారం ఆ రెండు బ్రాకెట్ల కోసం. ఇంతకీ ఆ ఫంక్షన్ ఏమి చేస్తుందిరా అని అడిగాను. "ఇంకా ఏమీ చేయదు బావా. కానీ తప్పు చేయదు" అన్నాడు.

మీ వంశం గొప్పదే, కాదనను. 1930లలో అలొంజో చర్చ్ అన్ని లెక్కలనూ ఫంక్షన్లతోనే చెప్పిన లాంబ్డా కలనం, 1958లో మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష, 1970లలో ఎడిన్‌బరోలో మిల్నర్ బృందం తయారుచేసిన ఎంఎల్ భాష. ఫోర్‌ట్రాన్‌కు జన్మనిచ్చిన జాన్ బ్యాకస్ అంతటివాడు 1977 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో తన బిడ్డ బాణీనే తప్పుపట్టి, మీ బాణీని మెచ్చుకున్నాడు. అడిగేదాకా ఏ లెక్కా చేయని బద్ధకపు భాషలు అప్పటికే డజనుకు పైగా ఉన్నాయని, అన్నిటికీ కలిపి ఒకటి చేద్దామని 1987లో పోర్ట్‌లాండ్‌లో పండితులు కమిటీ వేశారు. కమిటీ వేశారంటే పని అటకెక్కినట్టేనని మన అనుభవం. మీ విషయంలో అది తప్పింది. మొదటి నివేదిక మీద తేదీ 1990 ఏప్రిల్ 1. ఆ తేదీ గురించి నేనేమీ అనడం లేదు.

మీకు తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరు ఎప్పుడూ నచ్చలేదని తర్వాత ఆయన భార్యే అన్నారట. మా వాడికీ అది కలిసిరాలేదు. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి "ఏ టెక్నాలజీ బాబూ?" అని అడిగారు. వీడు మీ పేరు చెప్పాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "హాస్టలా! అమీర్‌పేటలోనా, ఎస్సార్ నగర్‌లోనా? మంచి గిరాకీ ఉన్న వ్యాపారం" అన్నారు. వీడు నోరు మూసుకుని ఉండక సరిదిద్దాడు. సంబంధం అక్కడితో ఆగింది.

ఇక మీ మడి సంగతి. మా నాయనమ్మ మడి కట్టుకుంటే ఎవరూ తాకకూడదు. తాకితే మైల, మైలపడినవారిని తాకినా మైల. మీ ఆచారమూ అచ్చం అదే. ఒకే సరుకు ఇస్తే ఎప్పుడూ ఒకే జవాబు ఇచ్చే ఫంక్షన్ మడిలో ఉన్నట్టు. అది ఒక ఫైలు తెరిచినా, గడియారం చూసినా, తెర మీద ఒక ముక్క రాసినా దాని టైపుకు, అంటే అది ఏ రకం సరుకు ఇస్తుందో చెప్పే చీటీకి, ఐఓ (ఇన్‌పుట్-అవుట్‌పుట్) అనే ముద్ర పడుతుంది. దాని ఫలితాన్ని ముట్టుకున్న ఫంక్షన్‌కూ పడుతుంది, ఆ పైదానికీ పడుతుంది. లెక్క లోపలెక్కడ తప్పుతోందో చూద్దామని ఒక్క వాక్యం ప్రింట్ చేయబోతే, అక్కడి నుంచి ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ దాకా మెట్టుమెట్టుకూ టైపులు మార్చుకుంటూ రావాలి. పోనీ అంత నిష్ఠా నిజమేనా అంటే, అన్‌సేఫ్ పెర్ఫార్మ్ ఐఓ అని దొడ్డిదారి ఒకటి ఉండనే ఉంది. తలుపు పెట్టింది మీరే, దాని మీద ప్రమాదమని రాసిందీ మీరే.

బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేని ప్రోగ్రాం నడిస్తే పెట్టె వేడెక్కడం తప్ప ఇంకేమీ తెలియదని మీ కంపైలర్‌ను పెంచి పెద్దచేసిన సైమన్ పేటన్ జోన్స్ గారే చమత్కరించారు. మే నెలలో, మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, మా వాడి ల్యాప్‌టాప్ అడుగున చేయి పెట్టి ఆ మాట నిజమని నేను ధ్రువీకరించుకున్నాను.

ఈ ముద్రల వ్యవహారానికి పెద్ద మోనాడ్. మీరు పుట్టినప్పుడు అది లేదు. ప్రోగ్రాం కోరికల జాబితా బయటికి పంపి జవాబుల జాబితా పుచ్చుకునేది. గణితంలోని ఆ ఆలోచనతో యూజీనియో మొజ్జి ప్రోగ్రాముల అర్థాన్ని వివరిస్తే, దాన్ని వాడ్లర్ ప్రోగ్రామర్ల దగ్గరికి తెచ్చాక, 1996లో 1.3 వెర్షన్‌తో అది మీ ఇంట్లో అధికారికంగా కాపురం పెట్టింది. అదేమిటో చెప్పరా అంటే మా వాడు ఒకసారి డబ్బా అన్నాడు, ఒకసారి గొట్టం అన్నాడు, చివరికి "ఎండోఫంక్టర్ల కేటగిరీలో మోనాయిడ్, అంతే బావా" అని చేతులు దులుపుకున్నాడు. ఎండోఫంక్టర్‌ను క్షమించగలను. ఆ "అంతే" దగ్గరే నాకు ఒళ్లు మండింది.

కంపైల్ అయిందంటే పనిచేసినట్టే అన్నది మీ భక్తుల తారకమంత్రం. నా లెక్కల్లో ఉద్యోగి ప్రావిడెంట్ ఫండ్ 12 శాతం. ఎవరైనా చేయి జారి 21 కొడితే మీ టైపు చెకర్ ఏమంటుంది? రెండూ అంకెలే కదా, శుభం అంటుంది. శాతానికి ఒక టైపు, రూపాయలకు ఒక టైపు పెట్టుకుంటే ఒకదాని చోట ఇంకొకటి దూరదని మా వాడి వాదన. మంచి మాటే, మా ఆఫీసులో నేను అమలు చేశాను కూడా. మరి పన్నెండు స్థానంలో ఇరవై ఒకటి రాకుండా? అప్పుడు విలువలను కూడా టైపులోనే రాసే డిపెండెంట్ టైపులని మొదలుపెట్టి ఐడ్రిస్ అనే ఇంకో భాష పేరెత్తాడు. నేను ఫోను వచ్చినట్టు నటించి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

ఇవన్నీ సర్దుకుపోదగ్గవే. నన్ను నొప్పించింది వేరు. ఒక ఆదివారం వాడు నన్ను మీ ప్రాంప్ట్ ముందు కూర్చోబెట్టాడు. కొటేషన్ల మధ్య తెలుగు అని కొట్టి ఎంటర్ నొక్కాను. మీరిచ్చిన జవాబు: \3108\3142\3122\3137\3095\3137. పొడవెంత అని అడిగితే 6 అన్నారు, మూడక్షరాల మాటకు! "అది షో అనే ఫంక్షన్ పని బావా, ఉన్నదున్నట్టు చూపాలంటే పుట్‌ఎస్‌టీఆర్ వాడాలి" అని మా వాడు సర్దిచెప్పాడు. వాడితే సరిగ్గానే వచ్చింది. కానీ ఇంటికి వచ్చిన మనిషిని ఖైదీ నంబరుతో పిలిచాక పేరు పెట్టి పలకరిస్తే ఏమి లాభం? పైగా ఆ పేరు దాచుకోవడానికి స్ట్రింగ్, టెక్స్ట్‌లో రెండు రకాలు, బైట్‌స్ట్రింగ్‌లో రెండు రకాలు. ఏది ఎప్పుడు వాడాలో అడగకుండా ఉంటేనే మర్యాద.

మీ బద్ధకం మాత్రం ముచ్చటగానే ఉంటుంది, జాబితాలోని అంకెలు కూడమన్నప్పుడు తప్ప. జాబితాను వరసగా కలుపుకుంటూ పోవాల్సిన ఫోల్డ్‌ఎల్ అనే ఫంక్షన్ ఒక్కోసారి కూడకుండా, తర్వాత కూడతానని చీటీలు రాసి పేర్చుకుంటూ మెమరీ నింపేస్తుంది. అప్పటికప్పుడు కూడే తమ్ముడు, పేరు చివర చిన్న గీత ఉన్నవాడు, ఉన్నాడు. వాడికి మీ ముందు గదిలో, అంటే ప్రెల్యూడ్‌లో, చోటు దొరికింది 2024లో.

ఉద్యోగాల మాటెత్తితే మా వాడు వాట్సాప్ పేరు చెబుతాడు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు దాన్ని కొద్దిమంది ఇంజినీర్లే నడిపేవారట. నిజమే, కానీ అది ఎర్లాంగ్ అనే ఇంకో ఫంక్షనల్ భాష ఘనత. మీ మడి దానికి పట్టదు. ఫేస్‌బుక్‌లో చెత్త సందేశాలను ఏరేసే పని మీకు అప్పగించారు, ఆ గౌరవం మీదే, ఉంచుకోండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులన్నీ మెడ నొప్పి పుట్టేలా చదివాను. జావా ఉంది, పైథాన్ ఉంది, సేల్స్‌ఫోర్స్ ఉంది, ఎస్‌ఏపీ ఉంది. మీరు లేరు. ఎలాగైనా సరే విజయాన్ని తప్పించుకోవాలని మీవాళ్లు సరదాగా ఒక నినాదం పెట్టుకున్నారట. ఆ బోర్డుల కింద నిలబడితే అది సరదా అనిపించదు.

ఒక్క రహస్యం చెబుతాను, మా వాడికి చెప్పకండి. మా ఆఫీసు అకౌంట్స్ విభాగంలో ఒక మేడం ఉన్నారు. ఆవిడ ఎక్సెల్‌లో ఒక గడిలో సూత్రం రాస్తారు. ఆ సూత్రం పక్క గడిని చెరపదు, అదే సరుకుకు అదే జవాబు ఇస్తుంది, సరుకు మారితే దాని మీద ఆధారపడినవే మళ్లీ లెక్కకట్టుకుంటాయి. ఎక్సెల్‌కు 2020 డిసెంబరులో, సొంత ఫంక్షన్ తయారుచేసుకునే లాంబ్డా కూడా ప్రకటించారు. పేటన్ జోన్స్ గారు 2003 నాటికే ఆ దిశగా పరిశోధనా పత్రం రాసిన మనిషి. మేడం దాన్ని వాడి స్లాబుల లెక్క ఒక్క పేరు కిందికి తెచ్చారు. మోనాడ్ పేరు వినలేదు, ఎడిటర్ సర్దుకోలేదు, ఆరింటికి కంప్యూటర్ కట్టేసి మెట్రో ఎక్కారు. మా జావాలోకి లాంబ్డాలు 2014లోనే వచ్చాయి, నేను రోజూ వాడతాను. మీ సొత్తు ఊరంతా పంచుకుని తింటోంది. మీ భక్తులు మాత్రం ఇంకా గర్భగుడి తలుపు వెర్షన్ సరిచూస్తున్నారు.

కోరేది పెద్దదేమీ కాదు. కంపైలర్‌కూ లాంగ్వేజ్ సర్వర్‌కూ ఒకే ముహూర్తం పెట్టించండి. మోనాడ్ వివరణల్లో "అంతే" అనే మాటను టైపు ఎర్రర్‌గా ప్రకటించండి. నాకు జవాబు రాయదలిస్తే 3108తో మొదలుపెట్టకండి. వచ్చే బుధవారం మా వాడికి గచ్చిబౌలిలో జావా ఇంటర్వ్యూ ఉంది. బతిమాలి ఒప్పించాం, మా ఆవిడ కొత్త చొక్కా కూడా కొన్నది. అక్కడ వారు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ రాయమంటే, దయచేసి వాడిని రాయనివ్వండి.

ఇట్లు,
తమ మడికి ఆమడ దూరంలో ఉండే
మాదాపూర్ జావా ఉద్యోగి