పోర్టేజీ బాట గారికి ఒక భారవాహకుడి విన్నపం

మహారాజశ్రీ పోర్టేజీ బాట గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ఇటువైపు భుజాలు కుశలంగా లేవు. మీకేం, నా ఎడమ బూటును బురదలో మింగి అరిగించుకునే ఉంటారు.

మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్‌లో వెయ్యికి పైగా సరస్సులున్నాయంటే, కనూ అనే సన్నపాటి పడవ ఎక్కి తెడ్డు వేసుకుంటూ పోవచ్చని వచ్చాను. సరస్సుకీ సరస్సుకీ మధ్య, పడవనూ సంచులనూ మోసుకుపోవాల్సిన నేలబాటగా మీరు కాపు కాసుంటారని తెలియక కాదు. మీ పేరుకు ఫ్రెంచిలో 'మోత' అనే అర్థం. పేరులోనే చెప్పేశారు, వినకపోవడం నా తప్పు.

ఆ కొలతేమిటండీ? అడుగులుండగా, మీటర్లుండగా, మీకు రాడ్లే కావాల్సివచ్చాయా? మ్యాపులో 80 అని చూసి 'ఓస్, ఇంతేనా' అనుకున్నాను. రాడ్ అంటే 16.5 అడుగులట. ఎనభై రాడ్లంటే 1,320 అడుగులు, అంటే పావు మైలు. అదీ ఒక్కసారి నడిస్తే! ముందు సంచులు దింపి, ఉత్త చేతులతో వెనక్కొచ్చి, మళ్ళీ పడవ ఎత్తుకునేసరికి ముప్పావు మైలు. వడ్డీ వ్యాపారులు మీ దగ్గర శిష్యరికం చేయాలి.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. మీ దగ్గర ఆ పప్పులుడకవు. దాటాకే మల్లన్న నెత్తికెక్కుతాడు.

పడవ బోర్లించి మోస్తున్నప్పుడు కనిపించేవి నా కాళ్ళే. రెండు చేతులూ పడవ అంచులకే అంకితం. ఈ సంగతి దోమలకు ఎవరు చెప్పారో గానీ, పడవ కింద కల్యాణమండపమే పెట్టాయి. అలా వంగి నడుస్తుంటే నా కాళ్ళ ముందు ఇంకెవరివో కాళ్ళు! సన్నగా, అంతులేని పొడవు. పడవ ముక్కు ఎత్తి చూస్తే ఆడ మూస్, అంటే గుర్రమంత దుప్పి. వెనకాల పిల్ల ఉందేమోనని నా ప్రాణాలు పైకే పోయాయి. రెండు కాళ్ళూ, 17 అడుగుల తలకాయా ఉన్న జంతువును అది కూడా ఎన్నడూ చూసినట్టు లేదు. వెనక్కి నడిచింది నేనే. (పడవ నెత్తిన పెట్టుకుని వెనక్కి నడవడం ఎక్కడా నేర్పరు.) అది మాత్రం తీరిగ్గా నీళ్ళలో దిగి ఈదుకుంటూ పోయింది. పడవ ఉన్నవాడు నడుస్తున్నాడు, అంతంత కాళ్ళున్నది ఈదుతోంది!

రాత్రి ఎలుగుబంటి పేరు చెప్పి తిండి మూటను చెట్టుకు వేలాడదీశాం. సరస్సు మీద లూన్ పక్షి పకపకా నవ్వింది. అది నవ్వు కాదు, బెదిరినప్పుడు వేసే కేక అన్నారు. నన్ను చూసే బెదిరి ఉంటుంది.

బొచ్చుతోళ్ళ వ్యాపారం రోజుల్లో మీ పెద్దన్న గ్రాండ్ పోర్టేజీ మీద వాయజర్లు, అంటే ఆ వ్యాపారుల పడవ కూలీలు, తలా రెండు మూటలు, ఒక్కోటి 90 పౌన్లు, 8.5 మైళ్ళు మోసేవారట. వాళ్ళకు జీతమిచ్చేవారు. నేను ఎదురు డబ్బు కట్టి మోశాను.

ఎడమ బూటు పైకి తేలితే, రెండో మలుపు దగ్గర బండ మీద పెట్టించగలరు. కుడిది పారేయలేదు.

ఇట్లు,
మీ భారవాహకుడు