మల్చ్ గుట్టగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మల్చ్ గుట్టగారికి,

న్యూజెర్సీలో మా ఇంటి ముందున్న ఎర్ర మేపుల్ చెట్టు మొదలు చుట్టూ మోకాలెత్తున కొలువుదీరిన తమరికి నమస్కారాలు. తమరు క్షేమమని చూస్తేనే తెలుస్తోంది. ఏటా ఏప్రిల్‌లో లారీ వస్తుంది, కొత్త మల్చ్, అంటే చెట్ల మొదట్లో పరిచే చెక్కపొట్టు, తమరి నెత్తిన పోస్తారు, పాతది తీసేవాళ్లుండరు. అలా తమరు పెరుగుతూనే ఉన్నారు. చెట్టే పెరగడం మానేసింది.

మీ వంశం మంచిదే, కాదనను. రెండు మూడు అంగుళాల మందాన వెడల్పుగా పరుచుకున్న చెక్కపొట్టు నేలలో తడి నిలుపుతుంది, కలుపును అణుస్తుంది, గడ్డి కోసే మిషన్ బెరడును గీరకుండా దూరం పెడుతుంది. అడవిలో రాలిన ఆకులు తరతరాలుగా చేసిన పని అదే. వాటిలో ఏదీ కాండం ఎక్కి కూర్చోలేదు. మీకు మాత్రం ఈ పదవీకాంక్ష ఎక్కడినుంచి వచ్చిందో!

మీ పని చాలా నిదానం. అందుకే ఎవరికీ అనుమానం రాదు. వేళ్లు మట్టిలో ఉండటానికి పుట్టాయి, కాండం బెరడు గాలిలో ఉండటానికి పుట్టింది. దాన్ని మీరు ఏడాది పొడవునా తడిలో నానబెడతారు. అది మెత్తబడి కుళ్లుతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర వేళ్లకు దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే కాబట్టి అక్కడ దెబ్బ తగిలితే కింద వేళ్లకు పస్తే. చలికాలంలో మీ పొట్టలో వెచ్చగా దూరే వోల్స్ అనే ఎలుకజాతి జీవులు మిగిలిన బెరడు సంగతి చూసుకుంటాయి.

అసలు ప్రతిభ ఇంకా ఉంది. మీ తడికి ఆశపడి చెట్టు మీలోకి కొత్త వేళ్లు పంపుతుంది. అవి బయటికి సాగకుండా కాండం చుట్టూనే తిరుగుతాయి. ఎర్ర మేపుల్‌కి, నార్వే మేపుల్‌కి ఈ బుద్ధి మరీ ఎక్కువ. కాండం లావెక్కుతుంది, దాన్ని చుట్టుకున్న వేరూ లావెక్కుతుంది, ఇద్దరిలో ఎవరూ తగ్గరు. ఏళ్లు గడిచాక పైకొమ్మల చివర్లు ఎండుతాయి, ఆగస్టులోనే ఒకవైపు ఆకులు ఎర్రబడతాయి. మేమేమో ఫోటో తీసి "మా ఇంట్లో ఫాల్ కలర్స్ ముందే వచ్చేశాయి" అని వాట్సాప్‌లో పెడతాం. లైకులు మాకు, ఉరి చెట్టుకి.

తమాషా ఏమిటంటే, తిట్లు ఎప్పుడూ మిగతావాళ్లకే. ఆకుల మీద నల్లటి తారు మచ్చలు చూసి, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు "చెట్టుకి ఇన్ని దిష్టిచుక్కలు ఎవరు పెట్టారమ్మా?" అన్నారు. నిజానికి ఆ బూజు చూపుకి చెడ్డదే గానీ చెట్టుకి పెద్దగా చేసేదేమీ లేదు. రాలిన ఆకులు ఊడ్చి పారేస్తే మరుసటి ఏడు కొంత తగ్గుతుంది. ఆకుల మీద ఎర్రగా మొటిమలు లేపే నల్లులూ (మంచాల్లోవి కావు, మైట్స్) అంతే, వాటితో ప్రాణభయం లేదు. అయినా పక్కింటాయన "మందు కొట్టించండమ్మా, లేట్ చేయకండి" అని నాకు టెన్షన్ పెట్టాడు. అలా అంటున్నప్పుడు ఆయన కాలు ఎక్కడుందనుకున్నారు? మీ మీదే.

ఒకవేళ వెర్టిసిలియం అయితే భయపడాల్సిందే. అది నేలలోంచి ఎక్కే బూజు. పచ్చటి కొమ్మ ఉన్నట్టుండి వాడిపోతుంది, కోసి చూస్తే లోపలి కర్రలో ఆకుపచ్చ చారలు కనిపించవచ్చు. దానికి మందు లేదు. ఎండిన కొమ్మలు తీసేసి, నీళ్లు సరిగ్గా పెట్టుకోవాలి. చెట్టు పోతే అదే గుంతలో మళ్లీ మేపుల్ నాటకూడదు.

ఇక ఆసియా నుంచి వచ్చిన పొడుగు మీసాల పురుగు. 1996లో బ్రూక్లిన్‌లో బయటపడింది. మేపుల్ అంటే దానికి ప్రాణం. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో కనిపించాక అక్కడ వేల చెట్లు నరికేశారు. న్యూజెర్సీ దాన్ని వదిలించుకున్నామని 2013లో గానీ ప్రకటించలేకపోయింది. ఆ పురుగు చెట్టుని చంపితే ప్రభుత్వం పోస్టర్లు వేస్తుంది. మీరు చంపితే మేం బిల్లు కట్టి, పైన టిప్ ఇస్తాం.

కాబట్టి ఈ శనివారం చేతిపారతో వస్తున్నాం. కాండం నేలలోకి కరెంటు స్తంభంలా నిటారుగా దిగకూడదట, అడుగున వెడల్పై వేళ్లు విచ్చుకునే చోటు కంటికి కనపడాలట. అది కనపడేదాకా తవ్వుతాం. కాండాన్ని చుట్టుకున్న సన్నవేళ్లు కత్తిరిస్తాం. లావు వేళ్ల జోలికి పోం, వాటికి ఆర్బరిస్టుని, అంటే చెట్ల డాక్టరుని పిలిచాం, ఒకేసారి అన్నీ కోస్తే చెట్టు తట్టుకోలేదు. మిమ్మల్ని వెళ్లగొట్టడం లేదు లెండి. కాండానికి బెత్తెడు దూరం జరిగి, కొమ్మల నీడ పడినంత మేర మూడంగుళాల మందాన పడుకోండి.

ఇట్లు,
తమరి బిల్లు కడుతున్న ఇంటావిడ

తా.క.: ముందు జాగ్రత్తగా ఈ ప్లాన్ మా కాలనీ అసోసియేషన్‌కి పంపాను. జవాబు వచ్చింది. చెట్టు ఆరోగ్యం గురించి అభ్యంతరమేమీ లేదట, కానీ మొదలు బోసిగా కనిపిస్తే ఫైన్ వేస్తారట.