పీఎస్‌పీలో కస్టమ్ ఫర్మ్‌వేర్: ఫ్లాష్‌లో రాయాలా, స్టిక్‌లోనే ఉంచాలా?

విజయవాడ గవర్నరుపేటలో ఒక రిపేరు షాపు. బల్ల మీద పీఎస్‌పీ 3000, సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 6.61 అని చూపిస్తోంది. ఈ మెషీన్‌కి సోనీ ఇచ్చిన ఆఖరి ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అదే. ఔత్సాహికులు రాసిన ప్రోగ్రాములు, అంటే హోమ్‌బ్రూ, దీనిమీద నడవాలంటే కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే దాన్ని ఔత్సాహికులు మార్చిన రకం, కావాలి. దాన్ని లోపలి ఫ్లాష్‌లోకి, అంటే మెషీన్ సొంత మెమరీ చిప్పులోకి, శాశ్వతంగా ఎక్కించేద్దామని తమ్ముడి వాదన. బయటికి తీయగలిగే మెమరీ స్టిక్ కార్డు మీద ఉంచుకుని, కావాల్సినప్పుడు లోడ్ చేసుకుంటే సరిపోతుందని షాపు నడిపే అన్న వాదన.

తమ్ముడు: ఆర్క్-4 (ఏఆర్‌కే) అనే కస్టమ్ ఫర్మ్‌వేర్‌ని స్టిక్ నుంచి ఎక్కించే లోడర్ బాగా పనిచేస్తుందన్నా, కాదనను. కానీ పవర్ స్విచ్ మూడు సెకన్లు పైకి పట్టుకుని పూర్తిగా ఆపేస్తే అంతా పోతుంది. మళ్లీ గేమ్ మెనూలోకి వెళ్లి లోడర్ నడపాలి. ఆ సంగతి తెలియని పిల్లలు నేరుగా హోమ్‌బ్రూ నొక్కుతారు. 80020148 అని ఎర్రర్ వస్తుంది, లేదంటే ఐకాన్ దగ్గర 'కరప్టెడ్ డేటా' అని పడుతుంది. ఫైలు పాడైందనుకుని స్టిక్ మొత్తం ఫార్మాట్ కొట్టేస్తారు. సేవ్‌లన్నీ గోవిందా.

అన్న: ఆ ఎర్రర్‌కి అర్థం లోడర్ నడవలేదని, అంతే. ఒక్కసారి చెబితే పిల్లలకీ తెలుస్తుంది. ఆపకుండా స్లీప్‌లో పెట్టుకుంటే లోడర్ పోదు కూడా. ఎక్కించడం ఎంత తేలికో చూడు: ఏఆర్‌కే_01234 ఫోల్డర్‌ని పీఎస్‌పీ లోపలి సేవ్‌డేటాలో, ఏఆర్‌కే_లోడర్‌ని గేమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్ లోపల మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పడుతుంది చూడు, అది చూసుకోవాలి. లోపలి ఈబూట్ ఫైలు, అంటే అసలు ప్రోగ్రాము, ఒక మెట్టు కిందికి జారితే మెషీన్‌కి కనిపించదు. ఇంత చేసినా ఫ్లాష్‌లో ఒక్క బైటు కదల్చక్కర్లేదు.

తమ్ముడు: తాత్కాలికం అన్న ప్రతిదీ ఫ్లాష్ ముట్టదని మాత్రం అనకండన్నా. పాత ప్రో కస్టమ్ ఫర్మ్‌వేర్ సంగతేంటి? రీబూట్ చేస్తే పోతుంది, కానీ దాని ఇన్‌స్టాలర్ తన మాడ్యూళ్లను ఫ్లాష్0లో, అంటే ఫ్లాష్‌లో సిస్టమ్ ఫైళ్లుండే భాగంలో, రాసే పెడుతుంది.

అన్న: అది ఒప్పుకుంటాను. అందుకే ప్రో పేరు ఎత్తలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు, 3000లో శాశ్వతం ఎలా చేస్తావు?

తమ్ముడు: ఇన్ఫినిటీతో, కస్టమ్ ఫర్మ్‌వేర్‌ని శాశ్వతం చేసే ప్రోగ్రాము అది. 6.61 మీద, 3000తో సహా అన్ని మోడళ్లకూ పనిచేస్తుంది. ముందు ఆర్క్ తాత్కాలికంగా నడిపి, నాండ్ డంప్, అంటే ఫ్లాష్ చిప్పు మొత్తానికి కాపీ, తీస్తాను. 1000 మోడల్‌లో ఫ్లాష్ 32 ఎంబీ, డంప్ 33 ఎంబీ వస్తుంది. తర్వాతి మోడళ్లలో 64 ఎంబీకి 66 వస్తుంది. ఆ కొసరు ఫ్లాష్‌లో పేజీ అనే ప్రతి చిన్న ముక్క వెనక ఉండే 16 బైట్ల స్పేర్ ఏరియాది. సైజు తేడాగా ఉంటే ఆ డంప్ పనికిరాదు. రెండు చోట్ల దాచి, పేరులో మెషీన్ సీరియల్ రాస్తాను.

అన్న: సీరియల్ రాయడం మంచి పని. ఫ్లాష్‌లో ఐడీస్టోరేజ్ అనే భాగం ప్రతి మెషీన్‌కీ సొంతం. పక్కింటి పీఎస్‌పీ డంప్ తెచ్చి ఇందులో రాస్తే బాగుపడదు. అది సరే, డంప్ ఉంది, రాసేటప్పుడు మధ్యలో ఆగింది అనుకో. పచ్చ లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఆ డంప్‌ని లోపలికి ఎలా ఎక్కిస్తావు?

తమ్ముడు: 1000కీ, మొదట్లో వచ్చిన 2000లకీ పండోరా బ్యాటరీ ఉందిగా. 2007 నుంచీ వాడుతున్నదే. బ్యాటరీ సీరియల్‌ని అన్నీ ఎఫ్‌లుగా మారిస్తే మెషీన్ రిపేరు కోసం పెట్టిన సర్వీస్ మోడ్‌లోకి వెళ్లి, మ్యాజిక్ మెమరీ స్టిక్ నుంచి, అంటే బూట్ ఫైళ్లు ఎక్కించిన స్టిక్ నుంచి, బూట్ అవుతుంది.

అన్న: బల్ల మీదున్నది 3000 తమ్ముడూ. టీఏ-088 వీ3 అనే మదర్‌బోర్డు నుంచి ఆ దారి మూసేశారు. 2000 అని రాసుంది కదా అని ధైర్యపడటానికీ లేదు. చివర్లో వచ్చిన 2000లలోనూ ఆ బోర్డే ఉంది. పీఎస్‌పీఐడెంట్ అనే హోమ్‌బ్రూ నడిపి బోర్డు పేరు చూడకుండా శాశ్వతం మాట ఎత్తకూడదు.

తమ్ముడు: బేరియన్ స్వీపర్ అనే ప్రోగ్రాము వచ్చాక కొత్త మోడళ్లకీ సర్వీస్ మోడ్ దొరికిందన్నా. కంప్యూటరే బ్యాటరీలా మాట్లాడుతుంది.

అన్న: దానికి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ కావాలి, బ్యాటరీ టెర్మినళ్లలో డేటా పిన్నుకి తీగ కలపాలి, ఓ పక్క కరెంటు ఇవ్వాలి. నేను చేస్తాను, నువ్వు చేస్తావు. ఇంట్లో పిల్లాడు చేయగలడా? వాడికి పోయిన మెషీన్ పోయినట్టే.

తమ్ముడు: రాసేది కాసేపే కదన్నా. ఒక్కసారి రాస్తే మళ్లీ ముట్టుకోం. ప్లగిన్, అంటే పైన జోడించే చిన్న ప్రోగ్రాము, ఏదైనా బెడిసికొడితే, ఆర్ బటన్ పట్టుకుని ఆన్ చేస్తే రికవరీ మెనూ వస్తుంది.

అన్న: బూట్ అక్కడిదాకా వస్తేనే ఆర్ బటన్. ఫ్లాష్0 సగంలో ఆగితే రికవరీ మెనూ కూడా ఉండదు. నా పద్ధతిలో ప్లగిన్ బెడిసికొడితే స్టిక్ బయటికి లాగి ఆన్ చేస్తాను. సోనీ ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా లేస్తుంది.

తమ్ముడు: స్టిక్ మీద అంత నమ్మకమా? మైక్రోఎస్‌డీ అడాప్టర్లో దొంగ కార్డు పెడితే మీ లోడరూ పోతుంది, సేవ్‌లూ పోతాయి.

అన్న: నకిలీ కార్డుల బాధ నిజమే. 32 జీబీ అని అచ్చు వేసి లోపల 4 ఉంటుంది. నిండేదాకా ఏమీ తెలియదు, నిండాక పాతవాటి మీదే రాస్తూ పోతుంది. కార్డు కొన్నరోజే కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాము పెట్టి మొత్తం రాయించి, మళ్లీ చదివించాలి. తర్వాత పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేయాలి. 64 జీబీ కార్డు పీఎస్‌పీ చదవలేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌తో వస్తుంది, దాన్ని ముందే ఫ్యాట్32 చేసుకోవాలి. కార్డు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ఫ్లాష్ చిప్పు బోర్డుకి అతికించి ఉంటుంది.

తమ్ముడు: అసలు నేను శాశ్వతం అనేది బ్యాటరీ వల్లన్నా. ఈ మెషీన్లన్నీ పాతబడ్డాయి. 1200 ఎంఏహెచ్ బ్యాటరీ ఇప్పుడు అందులో సగమైనా నిలవదు. స్లీప్‌లో పెడితే తెల్లారేసరికి ఖాళీ, లోడర్ పోయింది. రోజుకి ఎన్నిసార్లు నడుపుతారు?

అన్న: నేను తాత్కాలికం అనేదీ ఆ బ్యాటరీ వల్లే. దీని వెనక మూత చూడు, ఒక మూల లేచింది. బ్యాటరీ తీసి ఈ అద్దం మీద పెట్టి తిప్పు.

తమ్ముడు: ...బొంగరంలా తిరుగుతోంది.

అన్న: పొట్ట ఉబ్బితేనే అలా తిరుగుతుంది. మే నెల ఎండకి కారులో వదిలేసిన బ్యాటరీలు చాలావరకు ఇలాగే అవుతాయి. 60 శాతం చూపిస్తూ, కాస్త లోడు పడగానే మెషీన్ ఆరిపోతుంది. 5 వోల్టుల అడాప్టర్ పెట్టి రాస్తానంటావు. సాయంత్రం కరెంటు పోతే అడాప్టర్ ఆగుతుంది, భారం ఈ బ్యాటరీ మీద పడుతుంది. సరిగ్గా ఫ్లాష్0 రాస్తున్నప్పుడు పడితే?

తమ్ముడు: దీంతో నేనూ రాయను. కొత్త బ్యాటరీ వేసి, రెండుసార్లు పూర్తిగా ఎక్కించి దించి, శాతం మధ్యలో దూకడం లేదని చూసుకుని, అప్పుడు రాస్తాను. అప్పుడైనా ఒప్పుకుంటారా?

అన్న: 1000 అయితే ఇప్పుడే ఒప్పుకుంటాను. 3000 విషయంలో, మెషీన్ ఎవరిదో వాళ్లని కూర్చోబెట్టి, ఆగిపోతే ఏమవుతుందో చెప్పి, వాళ్లు సరే అంటేనే. నీ సొంతానికైతే నీ ఇష్టం. ఇంకో మాట, దీంతో దించుకున్న దొంగ గేములు ఆడతామంటే మాత్రం ఈ బల్ల మీద ఏ పద్ధతీ లేదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలు దాటితే శిక్ష.

తమ్ముడు: అందులో మనకి తేడా లేదన్నా. సొంత యూఎండీ, అంటే పీఎస్‌పీ గేమ్ డిస్క్, ఉంటే కస్టమ్ ఫర్మ్‌వేర్ మెనూలో యూఎస్‌బీ డివైస్‌ని యూఎండీ డిస్క్‌కి మార్చి, కంప్యూటర్లోకి ఐఎస్‌ఓ, అంటే డిస్క్ కాపీ ఫైలు, తీసుకోవచ్చు. డిస్క్ గీతలు పడి పోకముందే అది చేసుకోవాలి. ఈ పనికి మీ లోడర్ చాలు, అది ఒప్పుకుంటున్నాను.

అన్న: అయితే ఇవాళ్టికి లోడర్ ఎక్కించు, నాండ్ డంప్ తీసి రెండు చోట్ల పెట్టు. బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీదే చెయ్యి. డంప్ తీసేటప్పుడు ఆరిపోయినా ఫ్లాష్‌కి ఏమీ కాదు, చదవడమే కాబట్టి. ఆ ఉబ్బిన బ్యాటరీ మళ్లీ లోపల పెట్టొద్దు. సూదితో గుచ్చొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు. మూత ఉన్న ఆ ఇసుక డబ్బాలో పెట్టు.

తమ్ముడు: కొత్త బ్యాటరీ వచ్చాక మళ్లీ మాట్లాడదామన్నా. ఇన్ఫినిటీ ఫైల్ స్టిక్‌లోనే ఉంచుతాను.

అన్న: ఉంచు. పేరు మాత్రం 'అప్‌డేట్' అని పెట్టకు, ఎవరైనా పొరపాటున నొక్కుతారు.