మార్కుల మెమో ఉండగా సార్ లెటర్ ఎందుకంటారా?

హనుమకొండ, వరంగల్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఫారిన్‌లో డిగ్రీకి అప్లై చేసే సైన్స్ పిల్లల కోసమట. దాని సారం ఇది: "టీచర్ల సిఫారసు లేఖ ఉత్త పొగడ్త. మార్కులే మాట్లాడతాయి. ఆటపాటల గురించి రాస్తే చదువు మీద శ్రద్ధ లేదనుకుంటారు. సర్కారు కాలేజీ సార్ రాసింది అక్కడెవరూ చదవరు. ఏఐతో మంచి ఇంగ్లీషులో రాయించి సంతకం పెట్టించుకోండి." దీన్ని నాకు ఫార్వర్డ్ చేసినవాళ్లలో టీచర్లు కూడా ఉన్నారు. ఫిజిక్స్ చెప్పేవాడిగా ఊరుకోలేకపోయాను.

"మార్కులే మాట్లాడతాయి."

మన దగ్గర నిజమే. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ ఏవీ లెటర్ అడగవు. ఎన్ఐటీ వరంగల్‌లో బీటెక్ సీటుకు ర్యాంకు కావాలి, ఎంత గొప్ప సార్ రాసినా ఆ ర్యాంకు కదలదు. అమెరికాలోనూ అందరూ అడగరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు డిగ్రీ అడ్మిషన్లకు మామూలుగా లేఖలు కోరవు. కానీ ఎంఐటీ ఇద్దరు టీచర్ల లేఖలు అడుగుతుంది. అలాంటి చోటికి అప్లై చేసేవాళ్లలో లెక్కల్లో నూటికి దగ్గరగా వచ్చినవాళ్లకు కొదవుండదు. 98కీ 99కీ తేడా చూసి ఎవరిని తీసుకుంటారు?

"ఉత్త పొగడ్త."

"చాలా తెలివైనది, క్రమశిక్షణ గలది, ఉజ్వల భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాను" అని రాస్తే పొగడ్తే. దాన్ని మనం కాండక్ట్ సర్టిఫికెట్ అంటాం. సిఫారసు లేఖలో మన కళ్లతో చూసింది ఉండాలి.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ మాట ఇంకా ఎక్కువ వినిపించింది. మామూలు ఇటుక సాంద్రత నీటికి దాదాపు రెట్టింపు, మరి అదెలా తేలుతుందని ఈమె పట్టు పట్టింది. మట్టిలో ఊక కలిపి చిన్న ఇటుకలు చేసి కుమ్మరి ఆవంలో కాల్పించుకొచ్చింది. మొదటివి బకెట్లో వేయగానే మునిగాయి. ఊక పాలు పెంచింది. ఒకటి తేలింది, క్లాసంతా చప్పట్లు. కాసేపటికి అదీ నీళ్లు పీల్చుకుని మెల్లగా అడుగుకు పోయింది. వేరే పిల్లలైతే తేలినప్పుడు ఫొటో తీసి చార్టు మీద అంటించేవాళ్లు. ఈమె రికార్డులో మునిగిన సంగతి కూడా రాసి, "ఊక కాలిపోయిన చోట రంధ్రాలు తెరిచే ఉన్నాయి కావచ్చు. కాకతీయుల కాలంలో ఎలా చేశారో నేను కనుక్కున్నట్టు కాదు" అని కింద చేర్చింది.

ఆ చివరి మాట నేను లేఖలో ఉన్నదున్నట్టు పెట్టాను. కామన్ యాప్ అనే ఆన్‌లైన్ దరఖాస్తులో టీచర్ నింపే ఫారం ఉంటుంది. అందులో మార్కుల పక్కనే నిజాయితీ, చొరవ, ఎదురుదెబ్బ తగిలినప్పుడు పిల్లలు ఎలా నిలబడతారు అనే అంశాలు ఉంటాయి. ఏ మెమోలో చూపిస్తారు వీటిని?

"ఆటపాటలు రాయొద్దు."

ఎంఐటీ అడిగే రెండు లేఖల్లో ఒకటి లెక్కలో సైన్సో చెప్పే టీచర్ రాయాలి. రెండోది భాషలు, సోషల్ లాంటివి చెప్పే టీచర్ రాయాలి. అంటే మన తెలుగు మేడమే రాయొచ్చు. సైన్స్ తప్ప ఇంకేమీ తెలియని పిల్లలే కావాలనుకుంటే ఆ రెండో లేఖ ఎందుకడుగుతారు? అయితే ఒక మాట. "ఖోఖో ఆడుతుంది, ఎన్ఎస్ఎస్‌లో ఉంది, బతుకమ్మ పాటలు పాడుతుంది" అని వరసగా రాస్తే దండగ, ఆ లిస్టు అప్లికేషన్‌లో పిల్లలే నింపుతారు. ఇదే అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని, జూనియర్లు ఖో ఇవ్వడంలో ఎక్కడ ఆలస్యం చేస్తున్నారో రాసి చూపించేదని వాళ్ల పీఈటీ సార్ చెప్పారు. రాయాల్సింది అదీ.

"సర్కారు సార్‌ది చదవరు."

లెటర్‌హెడ్ చూసి పక్కన పడేస్తారనేది మన భయం. కాలేజీ ఎలాంటిదో, అక్కడ ఏ సౌకర్యాలున్నాయో కూడా ఆ దరఖాస్తులో విడిగా అడుగుతారు. ల్యాబ్‌లో పదిమందికి ఒకటే స్క్రూగేజ్ ఉంటే ఆ మాట దాచొద్దు, రాయండి. ఇంగ్లీషు సాదాగా ఉన్నా ఫర్వాలేదు.

"ఏఐతో రాయించి సంతకం పెట్టించుకోండి."

ఈ సలహా ఇచ్చినవాళ్లకు పద్ధతే తెలియదు. లింకు టీచర్ ఈమెయిల్‌కు వస్తుంది, అప్‌లోడ్ చేసేది టీచరే. లేఖను తర్వాత చూసే హక్కును కూడా పిల్లలు చాలామంది ముందే వదులుకుంటారు. వ్యాకరణం సరిచూసుకోవడానికి సార్ ఏఐని వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ బకెట్లో ఇటుక మునగడం దానికెలా తెలుస్తుంది? పిల్లలు తమ లేఖ తామే తయారుచేసి సార్ పేరుతో పంపితే అది మోసం, బయటపడితే సీటే పోతుంది.

చేయాల్సింది వేరే ఉంది. ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబర్ 1, మామూలువాటికి జనవరి మొదట్లో. ఆ తర్వాత మన దగ్గర ఇంటర్ ప్రాక్టికల్స్ హడావిడి మొదలవుతుంది, సార్లు దొరకరు. కాబట్టి దసరా సెలవులకు ముందే అడగండి. పెద్ద పేరున్న ప్రిన్సిపాల్‌ను కాదు, మీ పిల్లల రికార్డు దిద్దిన సార్‌ను అడగండి.