తడిగుడ్డతో గడ్డం

అల్లుళ్ళకు పెట్టే లాంఛనాల్లో వాచీ, ఉంగరం, సూటు గుడ్డల పక్కన ఈ మధ్య ఒక చెక్కపెట్టె కూడా చేరింది. మూత తీస్తే నాలుగు నల్ల సీసాలు, ఒక బ్రష్, ఒక రేజరు, చిన్న తువ్వాలు, అన్నిటి అడుగున నున్నటి కాగితం మీద అచ్చేసిన ఒక పుస్తకం. గడ్డం గీసుకునే ముందు మగవాడు తన చర్మాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో ఆ పుస్తకం ఏడు మెట్లలో చెబుతుంది. పెళ్ళికే ఏడడుగులు పడుతున్నప్పుడు గడ్డానికి పడితే తప్పేముందని నేనూ భక్తిగానే చదివాను.

మొదటి మెట్టు ఆవిరి. రెండోది, బొగ్గుపొడి కలిపిన స్క్రబ్బుతో మృతకణాలకు అంత్యక్రియలు. మూడోది నూనె. నాలుగోది వేడి తువ్వాలు. ఐదోది క్రీము, దాన్ని సవ్యంగానే తిప్పుతూ రాయాలి. అపసవ్యంగా తిప్పితే ఏమవుతుందో రాయలేదు, తద్దినం అవుతుందేమో. ఆరోది మౌనం. నిజంగానే మౌనం. ఒక నిమిషం కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చాలట. ఏడో మెట్టుకు గానీ బ్లేడు దర్శనం ఇవ్వదు. ఇంత తపస్సుకు మునులకైతే దేవుడు ప్రత్యక్షమయ్యేవాడు.

ఈ ఏడు మెట్లలో ఎక్కడా పేరు పెట్టి పిలవని వస్తువు ఒకటుంది. నీళ్ళు. పాపం, నీళ్ళను సీసాలో పోసి అమ్మడం మనవాళ్ళకు చేతకాక కాదు. ఇరవై రూపాయలకు మించి ఎవరూ ఇవ్వరు.

గడ్డపు వెంట్రుకా, చేతి గోరూ ఒకే సరుకు, కెరటిన్ అనే ప్రోటీన్. ఎండు గోరు కత్తిరిస్తే టప్పున ఎగిరి మంచం కింద పడుతుంది, స్నానం చేసొచ్చి కత్తిరిస్తే మెత్తగా తెగుతుంది. గడ్డం సంగతీ అంతే. గోరువెచ్చటి నీళ్ళు రెండు మూడు నిమిషాలు తగిలితే వెంట్రుక నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, బ్లేడు తక్కువ బలంతోనే కోసేస్తుంది. మొహం మీద జిడ్డుంటే నీళ్ళు సరిగ్గా ఎక్కవు కనక ముందు సబ్బుతో కడగాలి. ఆ తర్వాత వేసే నురగ పని, ఎక్కిన తడి ఆరిపోకుండా కాపలా కాయడం, బ్లేడు జారేలా చూడటం. శాస్త్రం ఇంతే. జిడ్డు కడిగి నీళ్ళు ఎక్కించాల్సిన చోట పొడి గడ్డానికి నూనె ఎందుకు పూయమన్నారయ్యా అంటే, నూనె సీసా ఆరు వందలు.

వాళ్ళను మాత్రం ఏమంటాం? బ్లేడు పేరు చెప్పి అమ్మగలిగినంతా అమ్మేశారు. 1904లో జిల్లెట్ పేటెంటు పుచ్చుకున్నప్పుడు రేజరుకు ఒక్కటే బ్లేడు. 1971కి రెండయ్యాయి, 1998కి మూడు. 2003లో షిక్ కంపెనీ నాలుగు పెడితే 2006లో జిల్లెట్ ఐదు పెట్టింది. ఆ లెక్కన పోతే మొహం మీద గొర్రు తోలడమే మిగిలింది. అందుకని వ్యాపారం బ్లేడు వదిలి చర్మం మీదికి ఎక్కింది. ఇదే జిల్లెట్ 2000ల మొదట్లో భారతీయుల కోసమని ఒక రేజరు చేసి, అమెరికాలో ఎంఐటీలో చదివే మన కుర్రాళ్ళ చేత గీయించి చూసింది. అక్కడ భేష్ అన్నారు. ఇక్కడికొచ్చాక చతికిలబడింది. ఆ కుర్రాళ్ళు రేజరును ధారగా పారే కుళాయి కింద కడిగారు, ఇక్కడి జనం చెంబులో ముంచారు. చెంబు నీళ్ళకు ఆ సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు వదల్లేదు. మళ్ళీ మన ఇళ్ళలో కూర్చుని, మనవాళ్ళు గడ్డం గీసుకోవడం చూసి, 2010లో ఒకే బ్లేడున్న రేజరు పదిహేను రూపాయలకు తెచ్చారు. చెంబు మహిమ అలాంటిది.

ఇక పెళ్ళి సంగతికొస్తాను. భీమవరం వైపు. ముహూర్తం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు. పెళ్ళికొడుకును చేయడానికి నాయీబ్రాహ్మణ పెద్దాయన తెల్లవారకుండానే పెట్టె పట్టుకుని విడిదింటికి వచ్చాడు. వరండా నిండా కుర్చీలున్నాయి, ఒక్కటీ ఆయన దాకా రాలేదు. లోపల గచ్చిబౌలి నుంచి వచ్చిన వరుడు చెక్కపెట్టె తెరిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

ఆవిరి యంత్రాన్ని సీరియల్ లైట్లున్న బోర్డుకే తగిలించారు. ఫ్యూజు పోయింది. మేనమామ ఎలక్ట్రీషియన్ కోసం స్కూటరెక్కాడు. కరెంటు లేకపోతేనేం, స్క్రబ్బుకు కరెంటు అక్కర్లేదు గదా అని వరుడు చీకట్లోనే రెండో మెట్టుకు వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఆడపెళ్ళివారు పళ్ళేలతో లోపలికి వచ్చి, కళ్ళు, పళ్ళు తప్ప మిగతాదంతా బొగ్గుగా ఉన్న అల్లుణ్ణి చూశారు. అందులో ఒక పెద్దావిడ, "దిష్టి తీశారా అమ్మా?" అని అడిగింది. తీయలేదు, తగిలింది.

నాలుగో మెట్టుకు వేడి తువ్వాలు కావాలి. గీజరు లేదు. తల్లి తువ్వాలు పట్టుకెళ్ళి వంటవాళ్ళకిచ్చింది. వాళ్ళు దాన్ని మడత పెట్టి ఇడ్లీ పాత్రలో పై రేకు మీద పెట్టారు, కింది రేకుల్లో ఇడ్లీలు. పది నిమిషాలకు తువ్వాలు పళ్ళెంలో పొగలు కక్కుతూ వచ్చింది. దారిలో ఒక పిల్లాడు చట్నీ ఏదని అడిగాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి విన్నాం గానీ, తడిగుడ్డ పెట్టి గడ్డాన్ని ఉడికించేవాళ్ళను అప్పుడే చూశాం. పంతులుగారు రెండుసార్లు తొంగిచూసి, "నాయనా, లగ్నం ఆవిరి కోసం ఆగదు" అని వెళ్ళారు.

అసలు ఘోరం ఆరో మెట్టులో జరిగింది. మౌనం కావాలి. బయట పెద్దాయన తమ్ముడు సన్నాయి అందుకున్నాడు, కొడుకు డోలు మీద ఉన్నాడు. వరుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆపమన్నాడు. శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే మంగళవాద్యం ఆపించిన మొదటి పెళ్ళికొడుకు వీడేనని నాయనమ్మ శోకం మొదలెట్టింది. ఆ శోకం మధ్యే మౌనం పూర్తయింది. ఏడో మెట్టులో మొదటి గీతకే గవద కింద తెగింది. బాసికం కట్టకముందే బొట్టు పడింది.

అప్పుడు గుర్తొచ్చాడు వరండాలో మనిషి. "నువ్వు రావయ్యా, తొందరగా కానీ" అన్నాడు వరుడు, తండ్రి కంటే పెద్దవాణ్ణి. ఆయన ఒక చెంబుడు వేణ్ణీళ్ళు అడిగాడు. మొహం సబ్బుతో కడిగించి, రెండు వేళ్ళు నీళ్ళలో ముంచి చెంప మీద రుద్దడం మొదలుపెట్టాడు. దవడ ఎముక వెంట, మీసం కింద, గవద దగ్గర వెంట్రుక ఎటు తిరిగిందో అటు. ఆరినప్పుడల్లా మళ్ళీ ముంచడం, మళ్ళీ రుద్దడం. మేనమామ గడియారం చూస్తున్నా ఆయన ఆ రుద్దడం తగ్గించలేదు. తర్వాత నురగ, కొత్త బ్లేడు విరిచి పెట్టిన కత్తి, తెగిన చోట తడిపిన పటిక ముక్క. ఒక్క గీత పడలేదు. చెక్కపెట్టె ఏడు మెట్లలో చెప్పలేకపోయినదంతా ఆ రెండు వేళ్ళలో ఉంది. దాన్ని ఎవరూ పుస్తకంగా అచ్చేయలేదు.

పని అయిందో లేదో మేనత్త కేకేసింది: "ఎవర్నీ తాకకురా, ముందు స్నానం చేసిరా!"

వెంట్రుకలు అంటుకుంటాయని గదా అంటారు. మరి ఇంట్లో తనకు తానే గీసుకున్నవాణ్ణి గుమ్మం బయట ఎందుకు నిలబెట్టరు? వెంట్రుకలు అవే. మారింది చెయ్యి. ఆ చేతికి మైల అంటగట్టారు. గడ్డం మెత్తబడటానికి ముందు చేయాల్సిన స్నానాన్ని తీసుకెళ్ళి చివర పెట్టుకున్నారు, ఒక మనిషి స్పర్శ కడుక్కోవడానికి! తరతరాలుగా చర్మం మండినా ఫర్వాలేదు గానీ ఆచారం మండకూడదు. అదే చెయ్యి తిరుమల కల్యాణకట్టలో నెత్తి తడిపి బ్లేడు పెడితే తల వంచి కూర్చుంటారు, అక్కడ మైల లేదు, పుణ్యం. అదే చెయ్యి మాల్‌లో నల్ల ఏప్రాన్ వేసుకుని ఇంగ్లీషు పేరున్న షేవింగ్ చేస్తే టిప్పు కూడా ఇస్తారు. ఊళ్ళో పెట్టె పట్టుకుని వస్తే కుర్చీ ఉండదు, "మీరు" ఉండదు, భోజనానికి పిలుపు అందరి చేతులూ కడిగాక. సిగ్గుండాలి. చర్మం సిద్ధం చేసుకోవడానికి ఇన్ని సీసాలు కొన్న జనం, ఎదుటి మనిషిని మనిషిగా చూడటానికి మాత్రం ఇప్పటికీ సిద్ధం కాలేదు.

ముహూర్తం తప్పలేదు. ఎందుకు తప్పలేదో ఎవరూ అడగలేదు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం పెద్దాయన్ని పక్కకు పిలిచి ఎంతివ్వమంటావని అడిగాడు. వెయ్యినూటపదహార్లు అన్నాడాయన. గడ్డానికి వెయ్యా అని ఈయన గుండె పట్టుకున్నాడు. చెక్కపెట్టె మీద 4,999 అని ధర చీటీ అంటించే ఉంది, దాని దగ్గర ఎవరికీ గుండె నొప్పి రాలేదు. చివరికి ఐదొందలు తమలపాకులో పెట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి వదిలారు. మిగిలిన ఆరువందల పదహార్లు రిసెప్షన్ నాడు ఇస్తామన్నారు.

రిసెప్షన్ హైదరాబాదులో.